కడగాల్సిన రీలు

ఉక్కునగరంలో సైరన్ మోగితే అందరూ గడియారం వైపు చూస్తారు. గౌరీశ్వరి మాత్రం మొగుడికి ఫోను చేస్తుంది. స్టీలు ప్లాంటులో ముప్ఫయ్యేళ్ళుగా పనిచేస్తున్న శ్రీరామ్మూర్తి, "బతికే ఉన్నానే, అది షిఫ్టు సైరన్" అని చెప్పి పెట్టేస్తాడు. ఆయన గొంతు వినబడ్డాక ఆవిడ పొయ్యి మీద పప్పు సంగతి చూసుకుంటుంది. సబ్బవరం దగ్గరి పల్లెలో ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. లోకంలో ఎన్ని రకాలుగా చెడు జరగవచ్చో పుస్తకాల అవసరం లేకుండానే ఊహించగలదు.

అలాంటి తల్లికి యశస్విని ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఫొటోల పనిలో పడింది. గాజువాకలో ఒక స్టూడియో తరఫున పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళి, రెండు డిజిటల్ కెమెరాలు మెడలో వేసుకుని తిరుగుతుంది. ఆ కెమెరాలంటే గౌరీశ్వరికి పేచీ లేదు. నొక్కిన మరుక్షణం వెనకాల అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. వచ్చిందో రాలేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఊపిరి బిగబట్టుకుని కూర్చోనక్కర్లేదు.

పేచీ అంతా నాలుగు నెలల కిందట ఇంట్లోకొచ్చిన పాత రీలు కెమెరాతో. యశస్విని దాన్ని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చిన రోజునే గౌరీశ్వరి దాన్ని తిరిగిచ్చెయ్యమంది. దానికి కారణముంది. ఆవిడ పెళ్ళికి ఫొటోలు తీసినవాడు మూడు వారాల తరవాత వట్టి చేతులతో వచ్చి, గుమ్మంలో నిలబడి, "రీలు తిరగలేదమ్మా, ఒక్క ఫొటో పడలేదు" అన్నాడు. జీలకర్రా బెల్లం, తాళిబొట్టు, తలంబ్రాలు, అన్నీ తిరగని రీలులోనే ఉండిపోయాయి. మూడు వారాలూ ఆవిడ ఆల్బమ్ కోసం అద్దాల బీరువాలో చోటు ఖాళీ చేసి పెట్టుకుంది. రీలు అన్న మాట వింటే ఇప్పటికీ ఆ ఖాళీ చోటే కళ్ళ ముందుకొస్తుంది.

కూతురు ఆ కెమెరా ఎందుకు కొందో తరవాత తెలిసింది. హైదరాబాదులో ఫొటోగ్రఫీ నేర్పే బడి ఒకటుంది. ఏటా ఇద్దరికి మాత్రం ఫీజు లేకుండా ఏడాదిపాటు నేర్పిస్తారు. అందుకు ఒక పరీక్ష పెట్టారు. ఒకే దృశ్యాన్ని డిజిటల్‌తోనూ ఫిల్ముతోనూ తీసి, రెండింటికీ తేడా ఏమిటో తెలిసేలా పన్నెండు జతలు పంపాలి. గడువు శనివారం.

ఆ జతల కోసం యశస్విని యారాడ వెళ్ళింది. అక్కడ నూకాలు అనే ముసలి జాలరి తన దుంగల తెప్పని ఆఖరిసారి సముద్రంలోకి తోశాడు. ఒడ్డు మీద అందరివీ ఫైబర్ బోట్లే, దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప ఆయనదొక్కటే మిగిలింది. మిట్టమధ్యాహ్నం తోశాడు, సాయంత్రానికి తిరిగొచ్చాడు, మర్నాడు తాళ్ళు కోసి దుంగలు విడదీశాడు. ఇప్పుడక్కడ తెప్ప లేదు, దుంగలున్నాయి. మళ్ళీ తీద్దామంటే తీయడానికేమీ లేదు.

బుధవారం రాత్రి భోజనాలయ్యాక కూతురు లాప్‌టాప్ తెరిచి తల్లికి చూపించింది.

"ఇదిగో, ఇది డిజిటల్‌ది. తాడు పీచు పీచూ కనిపిస్తంది, చూడు."

"కనిపిస్తంది. ముసలాయన గెడ్డంలో ఇసక కూడా కనిపిస్తంది. ఇంతకన్నా ఏటి గావాలే? ఇంక ఆ రీలెందుకు?"

"నురుగు చూడమ్మా."

గౌరీశ్వరి చూసింది. తెప్ప ముక్కు దగ్గర కెరటం విరిగిన చోటు తెల్లగా ఉంది. ముసలాయన తలగుడ్డ కూడా అంతే తెల్లగా ఉంది.

"తెల్లగుంది."

"తెల్లగుండడం కాదు. అక్కడేటీ లేదు. ముగ్గు మీద నీళ్ళు ఒలికితే ఎలాగుంటాది? తెలుపుంటాది, ముగ్గుండదు. ఇదీ అంతే. ఎండ ఎక్కువైన చోట డిజిటల్ సేతులెత్తీసింది. ఇంక కంప్యూటర్లో ఎంత లాగినా రాదు. ఫిల్ముకైతే తెలుపులో ఇంకొంచెం ఓపికుంటాది."

"అయితే రీలే మంచిదంటావా?"

"అనను. ముసలాయన గుడిసెలో చీకట్లో తీసినవి చూడు. డిజిటల్‌లో పొయ్యి కాడ పిల్లి కూడా పడింది. ఫిల్ములో అది ఉప్మారవ్వ పోసినట్టొస్తాది, పిల్లో పిడతో తెలీదు. దేని గొప్ప దానిదే. అదే గదా వాళ్ళు అడిగింది."

"మరి ఈ నురుగు నీ రీలులో పడిందేటి?"

"పడుండొచ్చు. కడిగితే గాని తెలీదు."

ఆ 'ఉండొచ్చు' వినగానే గౌరీశ్వరికి బీరువాలో ఖాళీ చోటు గుర్తొచ్చింది. దానికి తోడు హైదరాబాదు. ఏడాదిపాటు ఒక్కతే. రోడ్డు దాటేటప్పుడు ఎవరు చెయ్యి పట్టుకుంటారు, జ్వరమొస్తే జావ ఎవరు కాస్తారు. అన్నీ కలిసి నోటికొచ్చేశాయి.

"నీ రీలు ఏ గంగలోనైనా కలవనీ" అంది.

అని, నాలిక కరుచుకుంది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని తల్లి చిన్నప్పుడే చెప్పింది. కూతురు మాత్రం నవ్వి లాప్‌టాప్ మూసేసింది.

గురువారం తెల్లవారుతూనే యశస్విని బొబ్బిలిలో పెళ్ళికి బయల్దేరింది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "అమ్మా, ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన రీలుంది. రేపు కడగాలి. పాత పోస్టాఫీసు కాడ కృష్ణంరాజు గారని ఉన్నారు, ఆయన కాడికి నానే తీసికెల్తాను. నాను మర్చిపోతే గుర్తు సెయ్యి, అంతే" అంది.

గుర్తు చెయ్యమని గౌరీశ్వరికి చెప్పడమంటే నిప్పుకి కాల్చమని చెప్పడమే. రీలు కడగాలి, రీలు కడగాలి అని పైకే అనుకుంటూ పాలు కాచింది. రీలు కడగాలి అనుకుంటూ శ్రీరామ్మూర్తికి కేరేజి కట్టి పంపింది. ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగిపోతే లోపల రీలు ఏమైపోతుందోనని దాన్ని బయటికి తీసింది. కంటికి ఎదురుగా ఉంటే మర్చిపోనని, వంటింటి గట్టు మీద, సింకు పక్కన పెట్టింది. నల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బీ, బూడిదరంగు మూత. అది చూసి మళ్ళీ ఒకసారి పైకే అంది, "దీన్ని కడగాలి."

అప్పుడు సింకు దగ్గర అంట్లు తోముతున్నది చిట్టమ్మ. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో పనిచేస్తోంది.

గౌరీశ్వరి పెరట్లో బట్టలు ఆరేసి తిరిగొచ్చేసరికి గట్టు తళతళలాడుతోంది. చిట్టమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"కడిగీసినానండి."

"ఏటి?"

"అదేనండి, రీలు. పొద్దున్నించీ కడగాల కడగాల అంతన్నారు గదా. మూత వేరే, డబ్బా వేరే, లోపలి రేకు డబ్బీ వేరే, అన్నీ సబ్బెట్టి తోమీసినాను. ఆ రేకుదాని నోటికాడ నల్లటి మకమల్ గుడ్డుంది సూడండి, అది మాత్రం ఎంత తోమినా నలుపొదల్లేదు."

చెమ్చాలతో పాటు కిటికీ గట్టు మీద, ఎండలో, బోర్లించి ఉంది రీలు. నోటి దగ్గర గుడ్డ నుంచి ఒక్కో బొట్టూ కారుతోంది.

గౌరీశ్వరి అక్కడే పీట మీద కూలబడింది.

"ఓలమ్మ, నానేటి సేసినాను?" అంది చిట్టమ్మ.

"దాంట్లో ఫొటోలున్నాయే."

"ఇంతదాంట్లోనా? మరి కడగాలని మీరే అన్నారు గదండి."

"ఫొటోలు కడగడవంటే సబ్బెట్టి కాదే. మందేసి కడుగుతారు."

"ఏ మందు?"

గౌరీశ్వరికి తెలీదు.

"నాకూ డౌటొచ్చింది" అంది చిట్టమ్మ, తనూ ఎదురుగా కూర్చుంటూ. "రీలంటే మా మనవరాలు సెల్లు ముందర గెంతతాదే, అదే అనుకున్నాను. దాన్ని కడగడవేటి అనుకున్నాను. మల్లీ పెద్దోరు సెప్పినారు, ఏదో ఉంటాది అని కడిగీసినాను. పాప సంపేత్తదేటండి?"

"నిన్ను కాదు, నన్ను."

తిట్టడానికి నోరు రాలేదు. ఫ్రిజ్‌లోంచి తీసింది తను, సింకు పక్కన పెట్టింది తను, కడగాలి కడగాలి అని మంత్రం చదివింది తను. గంగలో కలవమన్నదీ తనే. గంగ ఎక్కడో లేదు, వంటింటి కుళాయిలోనే ఉంది.

లేచి ముందు రీలుని చెంగుతో తుడిచింది. కిందటేడు శ్రీరామ్మూర్తి సెల్లు బకెట్లో పడితే బియ్యంలో పెట్టి బతికించారు. అది గుర్తొచ్చి రీలుని బియ్యం డబ్బాలో దూర్చి మూత పెట్టింది. తరవాత కూతురి బల్ల మీది పుస్తకం వెతికి కృష్ణంరాజు గారి నంబరు పట్టుకుంది.

"రాజుగారేనాండి? నాను యశస్విని అమ్మనండి, ఉక్కునగరం నుంచి. మా పనావిడ రీలు కడిగీసిందండి."

"కడిగేసిందా? ఎవరి దగ్గర నేర్చుకుందమ్మా?" అవతల ముసలి గొంతు ముచ్చటపడింది.

"నేర్చుకోలేదండి. సబ్బెట్టి కడిగింది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"రేకు డబ్బీ విప్పిందా? లోపలి ఫిల్ము బయటికి లాగిందా?"

"లేదండి. పైపైన తోమింది."

"ఇప్పుడెక్కడుంది?"

"బియ్యంలో ఉందండి."

"తీసెయ్యండి. సెల్లుఫోను వైద్యం దీనికి పనికిరాదు. తడిసిన ఫిల్ము ఆరిందంటే పొరకి పొర అంటుకుపోతుంది. విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. ఒక గిన్నెలో మంచినీళ్ళు పోసి అందులో ముంచెయ్యండి. మూత పెట్టి, గిన్నెతో సహా తీసుకొచ్చెయ్యండి."

"నీళ్ళలో పడిందాన్ని మళ్ళీ నీళ్ళలోనాండి?"

"చేపని గట్టు మీద ఆరబెట్టి బతికిస్తానంటారేంటమ్మా? బేగి బయల్దేరండి."

ఇంట్లో ఉన్న రెండో స్టీలు కేరేజిలో అన్నిటికన్నా లోతైన గిన్నె తీసింది. నీళ్ళు పోసి రీలు ముంచింది. నాలుగు బియ్యపు గింజలు పైకి తేలాయి. మూత పెట్టి, పైన తడిగుడ్డ కట్టి, కూర్మన్నపాలెంలో పాత పోస్టాఫీసు బస్సెక్కింది. చిట్టమ్మ తనూ వస్తానంది గాని, ఇంకేదైనా కడిగేస్తుందేమోనని గౌరీశ్వరి వద్దంది.

బస్సులో గిన్నెని రెండు చేతులా ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. బ్రేకు వేసినప్పుడల్లా నీళ్ళు మూత కిందనుంచి చిమ్మి చీర తడుస్తోంది. టిక్కెట్టుకి చిల్లర తియ్యాలంటే చెయ్యి వదలాలి. కండక్టరమ్మ చూసి, "ఏటమ్మా అందులో, రంగుసేపా?" అంది.

"రీలు."

"రీలు సెల్లులో ఉంటాది గదమ్మా."

"ఇది పాతకాలందమ్మా, కెమెరాలోది. నీళ్ళలో ఉంచాలంట."

"నాకు తెలీదేటి, మా మేనమామ ఫొటోలు తీసీవోడు. నీళ్ళలో ఉంచడవేటి?" అని, గౌరీశ్వరి మొహం చూసి ఇంకేమీ అడగలేదు. వెనక సీటు నుంచి ఎవరో నవ్వారు. కండక్టరమ్మ మాత్రం గౌరీశ్వరి పర్సు తానే తెరిచి, డబ్బులు తీసుకుని, చిల్లరా టిక్కెట్టూ అందులోనే వేసి మూసింది. డ్రైవరు వైపు తిరిగి, "బావా, గోతుల్లో సూసి నడుపు, ఇక్కడో నీళ్ళ గిన్నుంది" అని కేకేసింది.

మల్కాపురం దాటి సింధియా వైపు వెళుతుంటే, కిటికీలోంచి బొగ్గుపొడి కలిసిన పోర్టు గాలి కొట్టింది. అప్పుడొక ఆలోచన వచ్చింది గౌరీశ్వరికి. రీలు పోయిందనుకో. శనివారానికి జతలు వెళ్ళవు. సీటు రాదు. పిల్ల ఇక్కడే ఉంటుంది, గాజువాక స్టూడియోలో. సాయంత్రానికి ఇంటికొస్తుంది. నాలుగు రోజులు ఏడుస్తుంది, తరవాత మామూలైపోతుంది.

ఆ ఆలోచన హాయిగా ఉంది. హాయిగా ఉండడమే ఆవిడని భయపెట్టింది. ఇంతవరకూ బయటి నుంచి రాబోయే చెడుకే భయపడింది గాని, తన లోపల కూడా ఒకటి కూర్చుని ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. గిన్నె కొంచెం వంచితే చాలు, నీళ్ళు పోతాయి, మిగతా పని ఎండే చేస్తుంది, ఎవరికీ తెలీదు. చేతులు ఇంకా గట్టిగా బిగించింది. వేళ్ళు తెల్లబడ్డాయి. కాన్వెంటు జంక్షన్ వచ్చేదాకా ఆ పట్టు సడలించలేదు.

కృష్ణంరాజుది పాత పోస్టాఫీసు వెనక సందులో డాబా ఇల్లు. ముందు గదిలో జిరాక్సు మిషను, పాస్‌పోర్టు ఫొటోలకి గోడ మీద తెల్లటి తెర, స్టాండు మీద డిజిటల్ కెమెరా. డెబ్బై దాటిన మనిషి, పలచటి బనీను. గిన్నె మూత తీసి చూసి, వేలితో బియ్యపు గింజ పక్కకి నెట్టాడు.

"పసుపూ కుంకుమా కూడా వేసి తెచ్చారేమో అనుకున్నాను."

"ఉంటాయాండి, ఫొటోలు?"

"నీళ్ళు దానికి శత్రువు కాదమ్మా. మందు పోసే ముందు నేనూ నీళ్ళతో తడుపుతాను. మీ పనావిడ ఆ పని కాస్త ముందే చేసింది. సబ్బు మాత్రం నేను వాడను. చూద్దాం. ఇన్నాళ్ళ అనుభవంలో సబ్బు రీలు ఇదే మొదటిది."

గిన్నె పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. కిటికీ లేని గది. తలుపు వేసుకున్నాడు. లోపల లైటు ఆర్పిన చప్పుడు. గౌరీశ్వరి తలుపు బయట స్టూలు మీద కూర్చుంది. లోపలి నుంచి గొణుగుడు వినిపిస్తోంది. "రా తల్లీ, రా. తడిది కదా, ప్లాస్టిక్ చుట్టకైతే ఎక్కవు, స్టీలు చుట్టకి ఎక్కుతావు. రా." మధ్యలో ఏదో కింద పడింది. గౌరీశ్వరి సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. ఏం మొక్కుకోవాలో తెలియక, "నాను బస్సులో అనుకున్నది నువ్వినలేదనుకో స్వామీ" అనుకుంది.

పావుగంట తరవాత తలుపు తెరుచుకుంది. లైటు వెలుగుతోంది. రాజుగారి చేతిలో మూతున్న గుండ్రటి నల్ల డబ్బా.

"ఇందులో ఉంది. ఇంక వెలుతురు తగిలినా ఫరవాలేదు. ఇప్పుడు మందు పోస్తాను. పది నిమిషాలు. నిమిషానికోసారి డబ్బాని నాలుగు సార్లు తిరగెయ్యాలి. నా కుడి భుజం పట్టేసింది. మీరు తిప్పాలి."

"నానాండి? నా సేతులు వణుకుతన్నాయండి."

"వణకనివ్వండి, మందు కలుస్తుంది. గట్టిగా కుదపకండి, పసిపిల్లకి పాలు పట్టాక భుజానేసుకుని తడతారు చూడండి, అంత మెత్తగా. గోడ మీద గడియారం చూసుకోండి. ఒక్క నిమిషం తప్పినా బొమ్మలు మచ్చలుగా వస్తాయి."

మందు పోసి మూత బిగించి ఇచ్చాడు. గౌరీశ్వరి గడియారంలో సెకన్ల ముల్లు మీద కళ్ళు పెట్టింది. పన్నెండు దగ్గరికి రాగానే డబ్బాని తలకిందులు చేసింది, నిలబెట్టింది, మళ్ళీ చేసింది. నాలుగు. ఆగింది. మళ్ళీ ముల్లు.

మూడో నిమిషంలో సంచిలో ఫోను మోగింది. ఆవిడ తల తిప్పలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎవరో చూడమంటారా?" అన్నాడు రాజుగారు.

"వద్దండి. లెక్క పోతాది."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకు అన్నం పెడుతున్నది డిజిటలేనమ్మా, దాన్ని తిట్టను. పది సార్లు నొక్కి తొమ్మిది చెరిపేయొచ్చు. చేతికి తొందర, కంటికి నిశ్చింత. దీనికి మాత్రం భయం కావాలి. ధైర్యమున్న కుర్రాళ్ళని ఇద్దరిని పెట్టుకున్నాను ఒకప్పుడు, టీ తాగడానికెళ్ళి మూడు నిమిషాలు మర్చిపోయేవారు. మీలాంటి భయస్తులు దొరికుంటే నా స్టూడియో ఇంకా నడిచేది."

గౌరీశ్వరి గడియారం మీంచి చూపు తిప్పలేదు. ముల్లు పన్నెండు దగ్గరికొస్తోంది. తన భయాన్ని పనికొచ్చే వస్తువులా ఎవరైనా మాట్లాడడం అదే మొదటిసారి. అయినా అప్పుడు దాని గురించి ఆలోచిస్తే లెక్క తప్పుతుంది.

పదో నిమిషం. మందు పారబోసి, నీళ్ళు పోసి పారబోసి, హైపో పోశాడు. "ఇది బొమ్మని నిలబెడుతుంది" అన్నాడు. అదీ తిప్పించాడు. ఫోను మోగుతూనే ఉంది. ఆఖరికి మూత తీశాడు. లోపలి స్టీలు చుట్టనుంచి తడి ఫిల్ము కొస లాగి ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకున్నాడు.

గౌరీశ్వరి కళ్ళు మూసుకుంది. రీలు తిరగలేదమ్మా అన్న గొంతు కోసం చెవులు ఎదురుచూస్తున్నాయి.

"మొదటి రెండూ పోయాయి" అన్నాడు రాజుగారు.

ఆవిడ గోడ పట్టుకుంది.

"సబ్బు నీళ్ళు పై చుట్టులోకి దిగాయి. అట్లకాడ పట్టుకుని ఎవరో ఆవిడ గుమ్మంలో నిలబడ్డట్టుంది, మొహమంతా మరకలు. కెమెరా పనిచేస్తోందో లేదో చూసుకోడానికి తీసినట్టున్నాయి."

"అది నానేనండి. మిగతాయి?"

"మిగతావన్నీ ఉన్నాయి."

"నాను పోతే పోనాను లెండి" అంది గౌరీశ్వరి. అని స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి పొంగుకొచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజుగారు చూడనట్టు కుళాయి తిప్పి, ఫిల్ముని చాలాసేపు కడిగాడు. అది మాత్రం మంచినీళ్ళతోనే.

ఆయన ఫిల్ముని తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీశాక ఆవిడ ఫోను తీసింది. పద్నాలుగు మిస్సుడు కాల్సు, అన్నీ యశస్వినివే. చెయ్యబోతుండగానే మళ్ళీ మోగింది.

"అమ్మా. ఎక్కడున్నావ్? ఎందుకెత్తలేదు?" వెనకాల సన్నాయి. "నాన్నకి సేత్తే డ్యూటీలో ఉన్నాను, నాకు తెలీదంతన్నాడు. సిట్టమ్మకి సేత్తే ఏడుత్తంది, ఏటీ సెప్పదు, పాపా నన్ను సెమించు అంతంది. నాకు కాల్సేతులు ఆడట్లేదు. నీకేటైందో అనుకున్నాను."

ఈ మాటలు ఎప్పుడూ గౌరీశ్వరి నోట్లోంచి వచ్చేవి.

"నాకేటవలేదే. రాజుగారింట్లో ఉన్నాను. నీ రీలు కడిగించాను." ఇంక దాచలేక మొత్తం చెప్పేసింది. కరెంటు, సింకు, సబ్బు, మకమల్ గుడ్డ, బియ్యం, బస్సు. బస్సులో వచ్చిన ఆలోచన ఒక్కటే చెప్పలేదు.

"ఇరవై రెండోది చూడు" అంది యశస్విని, చాలా మెల్లగా. "అంచు మీద నంబర్లుంటాయి. తెప్ప కెరటంలోకి దిగుతున్నది. ముట్టుకోకు."

రాజుగారు భూతద్దం ఇచ్చాడు. గౌరీశ్వరి చేతులు వెనక్కి కట్టుకున్నంత జాగ్రత్తగా వంగి చూసింది. అంతా తలకిందులుగా ఉంది. ఆకాశం నల్లగా, తెప్ప తెల్లగా, ముసలాయన మొహం వెండిలా మెరుస్తోంది.

"సూసాను."

"నురుగెలాగుంది?"

"నల్లగుందే."

"నెగిటివ్ గదా, నల్లగానే ఉంటాది. ఎలాంటి నలుపు? తారు పోసినట్టు ఒకటే నలుపా?"

గౌరీశ్వరి ఊపిరి బిగబట్టి భూతద్దం దగ్గరికి జరిపింది. లాప్‌టాప్‌లో ఈ చోటు ఆవిడకి బాగా గుర్తుంది, ఏమీ లేని తెలుపు.

"కాదు. నలుపులో నలుపులున్నాయి. ఉడుకుతున్న గంజి మీద బుడగలు లేత్తాయి సూడు, అలా. ఒక్కోటీ విడిగా ఉంది. తెప్ప ముక్కు కాడ నీళ్ళు దారాల్లాగ సాగినాయి. ముసలాయన తలగుడ్డకి మడతలున్నాయి. మూడు. ఉండు. నాలుగు."

"నిజంగానేనా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తన్నావా?"

"ఊరుకోబెట్టడం నాకెప్పుడొచ్చే?"

కూతురు నవ్వింది. నవ్వు మధ్యలోనే ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఎవరో "మేడమ్, తలంబ్రాలు" అని పిలుస్తున్నారు. "వస్తన్నాను" అని వాళ్ళకి చెప్పి, ఫోను దగ్గరగా పెట్టుకుని అడిగింది, "అమ్మా, సీటొస్తే పంపుతావా?"

గౌరీశ్వరి తీగకి వేలాడుతున్న ఫిల్ము వైపు చూసింది. కింది కొస నుంచి ఇంకా ఒక్కో బొట్టూ రాలుతోంది.

"ముందిది ఆరనియ్యే" అంది.

ఫోను పెట్టేసి, గాలికి దుమ్ము ఎగిరి దాని మీద పడుతుందేమోనని ముందు గదిలో ఫ్యాను కట్టేసింది. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చి కూర్చున్న ఒకాయన చెమట తుడుచుకుంటూ చూశాడు. "ఓ గంట ఓపిక పట్టండి బాబూ" అని చెప్పి, వెనక గది తలుపు దగ్గరగా వేసి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది గౌరీశ్వరి.